రెండు గంటల రీడింగు

"రెండు గంటలకు మీటరు మీరే చూశారా?"

"నేనే చూశానమ్మా."

"ఎంతుంది?"

"పదకొండు పాయింటు నాలుగు."

"నేనడుగుతున్నది మంగళవారం సంగతి. ఇవాళ శుక్రవారం. మూడు రోజుల కిందటి అంకె పుస్తకం తెరవకుండానే నోటికొచ్చేసింది. నాకు నిన్న పొద్దున ఏం తిన్నానో కూడా గుర్తుండదు."

శుద్ధి ప్లాంటు ఆపరేటరు తల వంచుకున్నాడు. యాభై దాటిన మనిషి. మిల్లులో అందరూ బాబాయి అంటారు. చేతుల మీద రంగునీళ్ల మరకలు ఎన్నేళ్లుగానో ఇంకిపోయి, కడిగినా పోని స్థితికి వచ్చాయి. అతని గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, మేకుకు వేలాడే రీడింగుల లాగుబుక్కు తప్ప ఇంకేం లేవు. ఉన్న ఒక్క కుర్చీలో కాటా మేడమ్ కూర్చుని వాచీ చూసుకుంది. ఒకటీ ముప్ఫై ఐదు.

ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. తూనికలు కొలతల శాఖలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. తూకంరాయి అడుగున సీసం తీసేసి మైనం నింపినవాణ్ణి, పెట్రోలు పంపులో పళ్లచక్రం అరగదీసినవాణ్ణి పట్టుకున్న మనిషి. ఉద్యోగం వదిలేసి ప్రైవేటు పరిశోధనల్లోకి దిగినా కాటా మాత్రం ఆమెను వదల్లేదు.

ఈ మిల్లు గుడ్డలకు రంగులద్దుతుంది. ఏడాదికి ఎన్ని నీళ్లు తోడిందీ, ఎన్ని శుద్ధి చేసి మళ్లీ వాడిందీ, ఎన్ని బయటికి వదిలిందీ లెక్కగట్టి సస్టైనబిలిటీ రిపోర్టని అచ్చు వేస్తుంది. మునుపు ఎవరి డప్పు వాళ్లే కొట్టుకునేవాళ్లు, అడిగే నాథుడు లేడు. ఇప్పుడు రూలు మారింది. బయటి ధ్రువీకరణ సంస్థ మనిషి వచ్చి ప్రతి అంకెనూ పట్టి చూసి, నిజమేనని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేని మిల్లు గుడ్డను పెద్ద కంపెనీలు ముట్టుకోవు.

ఆ సంస్థ నుంచి ఇద్దరు ఈ పనికి దిగారు. అంకెలు చూసేది ఒక ముప్ఫై ఏళ్ల అమ్మాయి, చివర సంతకం పెట్టేది ఆమె సీనియరు. మంగళవారం మధ్యాహ్నం రెండూ నలభైకి ఆ అమ్మాయి మిల్లు వెనక, నీళ్లు బయటికి పోయే పైపు దగ్గర, ఇనపమెట్ల కింద తల పగిలి పడి ఉంది. ఇంతవరకూ స్పృహ లేదు. ఆమె ఫైల్లో తనిఖీ అంతా పూర్తయినట్టే ఉంది. చివరి గడిలో ఉన్నది బయటి పైపు, రెండు గంటల రీడింగు. పని ముగించుకుని మెట్లెక్కుతూ కాలు జారిందని అందరూ తేల్చేశారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆ ఫైలును నమ్మి సీనియరు సంతకం పెట్టబోతున్నాడు.

కాటా మేడమ్‌ను పిలిపించింది అమ్మాయి అత్తగారు. కుట్టుమిషను మీద బతికిన మనిషి, మాట కూడా కత్తెర వేసినట్టే ఉంటుంది.

"కాలు జారిందంటే సరే, ఎవరికైనా జారుతుంది," అందావిడ. "కానీ ఆ ఫైలు చూసిన మావాడి స్నేహితుడొకడు అన్నాడు, ఆ నీళ్ల లెక్క నమ్మేట్టు లేదట. నా కోడలు కూరలో ఉప్పు చూడకుండా సరిపోయిందని ఏనాడూ అనలేదు. చూడంది చూశానని రాసిందంటే నేనొప్పుకోను. రేపది కళ్లు తెరిచేసరికి అబద్ధానికి సాక్షి అన్న పేరు దాని మెడకు చుట్టుకుని ఉండకూడదు. మీ పని అంతే."

ఆ మాట కాటా మేడమ్ గుండెలో ముల్లులా దిగబడింది. కొలిచేవాళ్లకు పేరొక్కటే ఆస్తి అని ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమె లాగుబుక్కు మేకు నుంచి తీసి మంగళవారం పేజీ తెరిచింది. పది, పన్నెండు, రెండు, నాలుగు. నాలుగు రీడింగులు, ఒకే సిరా, ఒకే ఒరవడి.

"బాబాయిగారూ, నేను మీ ఉద్యోగం తీయించడానికి రాలేదు. ఇవి ఎప్పుడు రాశారు?"

అతను తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"పొద్దున ఎనిమిదింటికి," అన్నాడు. "డ్యూటీ ఎక్కగానే నాలుగూ రాసేస్తానమ్మా. ఎప్పుడూ పదకొండుకు అటూఇటూగానే ఉంటది. ఆ మీటరు గుంటలోకి రోజూ నాలుగుసార్లు దిగి ఎక్కాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవు. నేనొక్కణ్ణే కాదు, అన్ని డ్యూటీలవాళ్లదీ ఇదే పద్ధతి."

"మరి ఆ అమ్మాయి రెండింటికి దిగినప్పుడు మీరెక్కడున్నారు?"

"రెండూ పదికి పచ్చసారు ఫోను చేసి, ల్యాబులో సీసాలున్నాయి పట్టుకురమ్మన్నారు. ల్యాబంటే మిల్లుకు ఆ చివర. వెళ్లి వచ్చేసరికి..." అతను మరకల చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "పొద్దున్నే నాకు టీ పోసిచ్చిందమ్మా ఆ పిల్ల. కూర్చోండి బాబాయీ, మోకాళ్లు నొప్పులంటున్నారుగా, నేను దిగుతానులే అంది. నేను దిగుంటే ఆ పిల్ల దిగేది కాదు."

పచ్చసారంటే మిల్లు సస్టైనబిలిటీ హెడ్. రిపోర్టు అట్ట పచ్చగా ఉంటుందని ఆ పేరు పెట్టారు.

"ఆ ల్యాబు సీసాలు ఎందుకట?"

"ఏమోనమ్మా. ఖాళీ సీసాలే."

*

మిల్లు వెనక గోడవారగా సిమెంటు గుంట. పదకొండు ఇనపమెట్లు. కింద నేల మీద మోకాలెత్తున లావాటి పైపు, గోడకు చిన్న డబ్బాలో మీటరు తెర. ఆ మీటరు పైపు లోపల ఉండేది కాదు. పైపు పైన పట్టీలతో బిగిస్తారు. నీళ్లెంత వేగంగా పోతున్నాయో అది కనిపెడుతుంది. పైపు లావెంతో మనం చెప్పాలి. రెండూ కలిపి గంటకెన్ని నీళ్లో చూపిస్తుంది.

"వదినా, పైకి రండి," అని గట్టు మీంచి గొంతు వినిపించింది. "ఆ అమ్మాయి పడింది ఆ మెట్ల మీదే. రెండో క్లెయిము రాసే ఓపిక నాకు లేదు."

తల ఎత్తకుండానే ఆమెకు తెలిసిపోయింది. సొంత మరిది. బీమా కంపెనీకి దర్యాప్తులు చేస్తాడు. ఏ ఫైలైనా మూడు రోజుల్లో మూసేస్తాడని వాళ్ల ఆఫీసులో అతనికి గొప్ప పేరు. పండగ భోజనాల దగ్గర వదినను ఆటపట్టించడం కంటే ఇలాంటిచోట అడ్డం తగలడం అతనికి ఎక్కువ ఇష్టం.

"నేను పడినా నువ్వు రాసేది సొంత అజాగ్రత్త అనేగా. రెండు ముక్కలేగా మరిదీ, చెయ్యి నొప్పెట్టదు."

"అజాగ్రత్త కాక ఏమిటి? తడి మెట్లు, పట్టుకునే కమ్మీ లేదు, చేతిలో ఫైలు. ఆ పిల్ల పని పూర్తి చేసుకుని బయల్దేరింది. ఒకటీ యాభైకి సీనియరుకు ఫోను చేసి అంతా బాగుందని చెప్పింది కూడా. నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఆయనే నాకు స్టేట్‌మెంటు ఇచ్చాడు."

"అంతా బాగుందని చెప్పడానికి నాలుగు నిమిషాలా? మీ అన్నయ్య నాకు ఏడాది మొత్తం మీద అంతసేపు చెప్పడు."

మరిది నవ్వాడు. ఆమె నవ్వలేదు. చేతిసంచీలోంచి చిన్న ప్లాస్టిక్ పర్సు తీసింది. అది ఆ అమ్మాయి మెడలో గుర్తింపు కార్డు పెట్టుకునే పర్సు. ఆసుపత్రివాళ్లు బట్టలతోపాటు అత్తగారికి అప్పగిస్తే, ఇవాళ పొద్దున ఆవిడ ఈమె చేతిలో పెట్టింది. అందులో గుర్తింపు కార్డు వెనక మడిచిన అట్టముక్క ఒకటీ, తెల్లదారపు ముక్క ఒకటీ ఉన్నాయి. దారానికి ఒకచోట ముడి. ఆ దారం చూసి అత్తగారు, "నా డబ్బాలోదే. ఆ పొద్దున తీసుకెళ్తుంటే ఎందుకే అన్నాను. కొలవడానికత్తయ్యా అంది," అని కళ్లు తుడుచుకుంది.

కాటా మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని దారాన్ని పైపు చుట్టూ తిప్పింది. దారం కొస వచ్చి ముడి దగ్గర సరిగ్గా కలిసింది. పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆ అమ్మాయి ఇక్కడ ఇలాగే కూర్చుని ఉంటుంది. ఇదే తడినేల మీద, ఇదే కొలత తీసి ముడి వేసుకుని ఉంటుంది.

టేపుతో దారం కొలిస్తే యాభై మూడు సెంటీమీటర్లు. అంటే పైపు అడ్డకొలత దాదాపు పదిహేడు. ఆమె మీటరు డబ్బా తెరిచి, మీటలు నొక్కుకుంటూ సెట్టింగుల్లోకి వెళ్లింది. పైపు లావు దగ్గర పదకొండున్నర అని ఉంది.

"మరిదీ, పదిహేడు సెంటీమీటర్ల పైపును మీటరుకు పదకొండున్నరని చెప్పారు. అంటే బయటికి పోయే నీళ్లు రిపోర్టులో రాసినదానికి రెండింతల పైమాటే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే వీళ్లు మీటరు కళ్లు మూశారు."

"అది మిల్లు తప్పు. కాలు జారడానికీ దానికీ ఏం సంబంధం?"

"ఆగు." ఆమె ఇంకో రెండు మీటలు నొక్కింది. మీటరుకు కరెంటు ఎప్పుడు పోయిందీ, ఎప్పుడు వచ్చిందీ దాని కడుపులో రాసుకునే ఉంటుంది. మంగళవారం ఒకటీ ముప్ఫై ఐదుకు పోయింది. రెండూ ఇరవైకి వచ్చింది. "లైను మరమ్మతు. రంగుల యంత్రాలకు జనరేటరు ఉంది, ఈ మీటరుకు లేదు. రెండింటికి ఈ తెర నల్లగా ఉంది. పదకొండు పాయింటు నాలుగు ఎవరూ చూసే వీల్లేదు."

మరిది ఖరీదైన బూట్లు జాగ్రత్తగా ఒక్కో మెట్టూ దిగొచ్చాయి. చంకలోంచి ఫైలు తీసి ఒక పేజీ నకలు ఆమె ముందు పెట్టాడు.

"మరి ఇదేంటి? అమ్మాయి సొంత ఫైలు. బయటి పైపు గడిలో పదింటి రీడింగూ ఉంది, రెండింటి రీడింగూ ఉంది, పక్కన ఆమె గుర్తూ ఉంది."

గడి పక్కన చిన్న త్రిభుజం. పేజీ మొత్తం మీద టిక్కులు, చుక్క పెట్టిన టిక్కులు బోలెడున్నాయి. త్రిభుజం మాత్రం ఒక్కటే.

ఆమె పర్సులోని అట్టముక్క విప్పి పక్కన పెట్టింది. అమ్మాయి చేతిరాతతో మూడు వరుసలు. టిక్కంటే కాగితం చూశాను. చుక్క ఉన్న టిక్కంటే కళ్లారా చూశాను. త్రిభుజమంటే రెండు వేర్వేరు వేళల్లో రెండుసార్లు కళ్లారా చూశాను.

"ప్రతి పనికీ కొత్త గుర్తులు పెట్టుకుంటారట, మిల్లువాళ్లు వాటిని అనుకరించకుండా. వాళ్ల అత్తగారు చెప్పింది. ఆ అమ్మాయి ఈ గడి ఖాళీగా వదిలేసి ఉంటుంది. తర్వాత ఎవరో నింపారు. లాగుబుక్కులో రెండింటి అంకె చూసుకుని, అది నిజమని నమ్మి త్రిభుజం గీశారు."

మరిది పేజీ వంకా, మీటరు వంకా మార్చిమార్చి చూశాడు. అతని మొహంలో వెటకారం ఎక్కడికో పోయింది.

"పచ్చసారు," అన్నాడు.

"అడిగి చూద్దాం పద," అందామె. వాచీలో రెండూ నలభై ఎనిమిది.

*

పచ్చసారు గదిలో బల్ల మీద రిపోర్టు కొత్త కాపీలు దొంతరగా ఉన్నాయి. అట్ట మీద నీటిబొట్టు బొమ్మ. అతను మర్యాదగా లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. నాలుగు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లకింద నల్లబడి ఉంది.

"మంగళవారం రెండూ పదికి బాబాయిని ఖాళీ సీసాలకు ఎందుకు పంపారు?"

"శాంపిళ్లకి. రొటీనేనండీ."

"గేటు పుస్తకంలో మీ కారు ఒకటీ పదిహేనుకు బయటికెళ్లి, రెండూ ఐదుకు తిరిగొచ్చింది. కారులో ఎవరున్నారు?"

"నేనొక్కణ్ణే. భోజనానికి వెళ్లాను."

"వాచ్‌మన్ కారు నంబరు రాస్తాడు కానీ లోపలున్నవాళ్ల పేర్లు రాయడు. సలాం కొట్టడంలో పడి లోపలికి చూడడు కూడా. మంచి ఏర్పాటు." ఆమె పేజీ నకలు అతని ముందు పెట్టి వేలు చూపించింది. "ఇదేంటో చెప్పండి."

అతను త్రిభుజాన్ని తేరిపార చూశాడు.

"హెచ్చరిక గుర్తా అండీ? మెట్లు తడిగా ఉన్నాయనేమో. అలా రాసుకుందేమో ఆ అమ్మాయి."

కాటా మేడమ్ అతని కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. తూకంరాయి పట్టుకుని ప్రమాణాలు చేసిన దొంగలను వందలమందిని చూసిందామె. తెలిసి తెలియనట్టు నటించేవాడి కళ్లు ముందు గుర్తు మీద పడి, వెంటనే పక్కకు జారుకుంటాయి. ఇతని కళ్లు అక్కడే నిలబడి వెతుక్కుంటున్నాయి. ఇతనికి నిజంగానే తెలియదు.

ఇతనికి తెలియకపోతే మిల్లులో ఇంకెవరికీ తెలిసే వీలు లేదు. అట్టముక్క అమ్మాయి మెడలోనే ఉంది, ఆసుపత్రి దాకా ఆమెతోనే వెళ్లింది.

"మీటరులో పైపు లావు తగ్గించింది మీరేనా?" మరిది ముందుకు వంగాడు.

"అది పాత సెట్టింగండీ, నేను రాకముందుది. నాకు పోయిన నెలే తెలిసింది. ఈ ఏడు సరిచేస్తే పోయిన ఏళ్ల రిపోర్టులన్నీ అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది. వచ్చే ఏడు మెల్లగా మారుద్దామని సలహా ఇచ్చారు. అంతే. నేనెవర్నీ నెట్టలేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అనని మాటకు అతనే జవాబు చెప్పేశాడు.

"నెట్టారని మేమెవరం అనలేదే," అంది కాటా మేడమ్ మెల్లగా. "సలహా ఇచ్చారన్నారు. ఎవరిచ్చారు? పోయిన మూడేళ్లుగా ఈ రిపోర్టు నిజమేనని సంతకం పెట్టిన మనిషేనా?"

అతను కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

అప్పుడు ఆమెకు అన్నీ ఒక వరుసలోకి వచ్చాయి. ఆ గుర్తుల అర్థం తెలిసినవాళ్లు ఈ పనికి దిగిన ఆ ఇద్దరే. ఒకరు స్పృహలో లేరు. ఒకటీ యాభైకి అమ్మాయి ఫోను చేసి పదింటికి దిగినప్పుడు కొలిచిన పైపు సంగతి చెప్పింది ఆ రెండోమనిషికే. అప్పుడాయన ఇదే పచ్చసారుతో భోజనం బల్ల దగ్గర ఉన్నాడు. రెండూ ఐదుకు కారులో వచ్చాడు, పదికి బాబాయిని పంపించేశారు. మూడేళ్ల తన సంతకాలను ఒక మూరెడు దారం తెంచేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. తర్వాత ఖాళీ గడి నింపడానికి గుంటలోకి దిగే తీరిక లేక లాగుబుక్కును నమ్మాడు. చూడకుండా రాయకూడదని ఊరందరికీ పాఠం చెప్పే మనిషి కాగితం చూసి త్రిభుజం గీశాడు. కంచే చేను మేసింది.

"సీనియరు," అన్నాడు మరిది. "నేనాయన స్టేట్‌మెంటు మీదే ఫైలంతా కట్టాను వదినా."

"నువ్వే కాదు." ఇవాళ పొద్దున్నే అత్తగారు అంది కదా, సీనియరుగారు దేవుడిలాంటివారు, ఐ.సి.యు. నుంచి విడిగదికి మార్పించారు, రోజూ వచ్చి కూర్చుంటున్నారు అని. దానికి తను ఏమంది? ఆయన దగ్గరుంటే మంచిదేనమ్మా, మీరు కాస్త నడుం వాల్చండి అంది. అలా అన్నందుకు నాలుక కొరుక్కోవాలనిపించింది.

సంచీలో ఫోను మోగింది. మూడూ పద్దెనిమిది. అత్తగారు.

"అమ్మా, కళ్లు తెరిచింది నా కోడలు," ఆవిడ గొంతు సంతోషంతో వణుకుతోంది. "ముక్కులో గొట్టం తీశారు కానీ మాట రావట్లేదు. నా చెయ్యి లాక్కుని అరచేతిలో వేలితో మూడు గీతలు కొసలు కలిపి గీస్తోంది, మళ్లీ వాటిమీద అడ్డంగా కొట్టేస్తోంది. ఎన్నిసార్లో. నాకేమీ అర్థం కాలేదు. సీనియరుగారు ఇక్కడే ఉంటే, ఇలా గీస్తోందండీ అని ఆయన చేతిలో గీసి చూపించాను."

"ఆయనేమన్నారు?"

"ఏమనలేదు. డాక్టరు ఏదో సూది మందు రాశారట, చీటీ చేతికిచ్చి కింద షాపులో తెమ్మన్నారు. మెట్లు దిగుతున్నా."

"దిగకండి. వెనక్కి వెళ్లండి. ఫోను పెట్టేయకుండా, ఉన్నపళాన వెనక్కి వెళ్లండి. ఆ గదిలో మీ కోడల్ని తోసిన మనిషి ఉన్నాడు."

ఫోన్లో చెప్పులు మెట్లమీద టకటకా ఎక్కడం, ఆయాసం మాత్రమే వినిపించాయి. మరిది అప్పటికే తన ఫైల్లోంచి ఆసుపత్రి నంబరు వెతికి డయలు చేస్తూ తలుపు వైపు పరిగెత్తాడు. అక్కడికి ఇరవై నిమిషాల దారి. ఎంత తొక్కినా పదిహేను.

చెప్పుల చప్పుడు ఆగింది. తలుపు మీద అరచేత్తో కొట్టిన చప్పుడు.

"లోపల గడియ పెట్టుందమ్మా," అంది అత్తగారు. ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత ఆవిడ మాట్లాడింది ఫోన్లో కాదు, తలుపుతో. "ఒసే పిల్లా, నేనే, అత్తయ్యను. మంచం మీంచి దొర్లు. కింద పడవే తల్లీ. చేతికి అందింది లాగి పడు. చప్పుడు చెయ్యి."

కాటా మేడమ్ ఫోను చెవికి అదుముకుని నిలబడింది. మూడూ ఇరవై రెండుకు అవతల ఇనపస్టాండు నేలకు తగిలిన చప్పుడు, దాని వెంటే సీసా భళ్లున పగిలిన చప్పుడు వినిపించాయి. వరండాలో ఎవరెవరో కేకలేస్తూ పరిగెత్తుకొస్తున్నారు. అత్తగారు తలుపు మీద కొడుతూనే ఉంది.

గడియ ఇంకా తీయలేదు.